అంతరిక్షానికి నెత్తళ్ళ ఇగురు

ఎచ్చెర్ల దగ్గర ఒక కాలేజీలో ఆహార పదార్థాలు నిలవ చేసే పద్ధతుల గురించి పాఠాలు చెబుతాను. మామూలుగా నా క్లాసులో సగం మంది కళ్ళు తెరుచుకునే నిద్రపోతారు. తేమ, బూజు, డబ్బాల మూతలు అంటే ఎవరికి మాత్రం ఉత్సాహం ఉంటుంది? అంతరిక్షంలో తిండి గురించి చెప్పే రెండు రోజులు మాత్రం వెనక బెంచీలు కూడా లేచి కూర్చునేవి. ఆ రెండు రోజులూ నన్ను పట్టుకోవడం కష్టంగా ఉండేది. ఇప్పుడా పాఠం నేను చెప్పడం లేదు, ఇంకొకరికి ఇచ్చేశాను. గొంతు బాగాలేదని ఏదో సాకు చెప్పాను. అసలు సంగతి మా అమ్మ నోరు.

ముందు పాఠం సంగతి. పైన రొట్టె కొరికితే పొడి రాలి కింద పడదు, గాల్లో తేలుతుంది. కళ్ళలోకి పోతుంది, యంత్రాల సందుల్లోకి పోతుంది. అందుకని పొడి రాలని పల్చటి రొట్టెలు పట్టుకెళతారు. ఉప్పు చల్లుకోవడానికి వీల్లేదు, నీళ్ళలో కరిగించి చుక్కలుగా వేసుకోవాలి. కూరలు ముందే వండి, గడ్డ కట్టించి, తడంతా లాగేసి సంచుల్లో పెట్టి ఇస్తారు. వేడినీళ్ళు పోస్తే మళ్ళీ కూరవుతుంది. ఇంతవరకూ పిల్లలు నోట్సు రాసుకునేవాళ్ళు. ఆ తర్వాత చెప్పేది వినడానికి పెన్నులు పక్కన పెట్టేవాళ్ళు. ఎందుకంటే అంత ఎత్తుకెళ్ళినా మనిషి తన ఊరి తిండి వదలడు. రష్యావాళ్ళకి డబ్బా చేపలు ఉండాలి. జపాన్‌వాళ్ళు నూడుల్సుని ఉండలుగా చుట్టి, పులుసు చెదిరిపోకుండా చిక్కగా చేసి పట్టుకెళ్ళారు. ఇటలీవాళ్ళు కాఫీ యంత్రాన్నే పైకి మోయించారు. కొరియావాళ్ళ క్యాబేజీ ఊరగాయ పైన పొంగి సంచి పగిలిపోకుండా ఉండాలని వాళ్ళ శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి కుస్తీ పట్టారు. మొన్నామధ్య మనవాడొకడు వెళ్ళినప్పుడు క్యారెట్ హల్వా, పెసర హల్వా, మామిడి రసం తీసుకెళ్ళాడు. "చూశారా, వాళ్ళకి చేపలు, మనకి స్వీట్లు" అంటే క్లాసంతా గోల చేసేది.

ఇంకో సంగతి కూడా చెప్పేదాన్ని. పైన ఒంట్లో నీరంతా తలవైపు ఎక్కుతుంది. జలుబు చేసినట్టు ముక్కు మూసుకుపోతుంది, వాసన తెలియదు, తిండి చప్పబడిపోతుంది. ఇంటి దగ్గర కారం ముట్టనివాళ్ళు కూడా అక్కడ కారం కావాలని అడుగుతారు. ఈ ఒక్క సంగతే నా కొంప ముంచింది.

రెండేళ్ళ కిందట కాలేజీల మధ్య ఒక పోటీ పెట్టారు. మీ ప్రాంతం వంటకం ఒకటి అంతరిక్షంలో తినడానికి వీలుగా తయారు చేసి చూపించాలి. మా స్టాఫ్ రూంలో అప్పుడే దేశాల గొడవ జిల్లాల గొడవైపోయింది. గుంటూరు నుంచి వచ్చినాయన గోంగూర తప్ప ఇంకోటి పనికిరాదన్నాడు. గోదావరి ఆవిడ పూతరేకులంది. "పూతరేకు విప్పితే ఆ పొడికి ముందు రాకెట్టే తుమ్ముతుంది" అన్నాను. నేనేం చేస్తానని అడిగితే, ఎండు నెత్తళ్ళ ఇగురు అన్నాను. మాది సముద్రం ఒడ్డు ఊరు. చిటికెన వేలంత ఉండే ఈ చేపల్ని ఇసకలో ఎండబెట్టి, చింతపండు వేసి దగ్గరగా ఇగరబెడితే ఆ రోజు అన్నం కుండ ఖాళీ. గుంటూరాయన పడీపడీ నవ్వాడు. "మేడం, మీ ఎండుచేపలు ఎక్కితే రాకెట్టు సగం దారిలోంచి వెనక్కొచ్చేస్తుంది." అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. లోపల మాత్రం పంతం పట్టాను. నెత్తళ్ళని పైకి పంపి తీరాల్సిందే.

ఆ ఇగురు నాకు వంట పుస్తకంలోంచి రాలేదు, మా అమ్మ దగ్గర్నుంచి వచ్చింది. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ గంప నెత్తిన పెట్టుకుని మెరక ఊళ్ళన్నీ తిరిగి చేపలు అమ్మి నన్ను చదివించింది. నాకు ఉద్యోగం వచ్చాక గంప దించేయించి, అరసవల్లిలో నేనద్దెకుండే ఇంటికి తీసుకొచ్చుకున్నాను. మేమిద్దరమే. ఆవిడ నాలుక అంటే మా ఊళ్ళో పేరు. ఎండుచేపని కొసన కొరికి, ఇది మబ్బు పట్టిన రోజు ఎండింది అని చెప్పేసేది. ఉప్పు తగినంత పట్టిందో లేదో ఆవిడ చెప్పాకే పక్కింటివాళ్ళు బేరం కుదుర్చుకునేవారు. నా వంటని మాత్రం పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి బాగుందనలేదు. కాబట్టి నా ఇగురుకి రుచి చూసేది ఎవరన్న ప్రశ్నే రాలేదు.

కాలేజీలో ఇగురు మెత్తగా రుబ్బి, ఎండబెట్టే యంత్రంలో పెట్టి, సంచుల్లో నింపి సాయంత్రం ఇంటికి తెచ్చేదాన్ని. వేడినీళ్ళు పోసి, ఐదు నిమిషాలు ఆగి, అమ్మ పళ్ళెంలో వేసేదాన్ని. ఆవిడ అన్నంలో కలిపి ఒక ముద్ద నోట్లో పెట్టుకుని మొహం చిట్లించేది.

"ఏటే ఇది? ఉప్పు నేదు, పులుపు నేదు. సప్పటి గడ్డి లాగున్నాది."

మర్నాడు ఉప్పు పెంచేదాన్ని. "ఇంకా నేదు." చింతపండు పెంచేదాన్ని. "సెరువు నీల్లలాగున్నాది." వారం తర్వాత నా విద్యార్థులు మొహమాటంగా చెప్పారు, మేడం ఉప్పు కషాయంగా ఉంది అని. నేను రుచి చూశాను. నిజమే, నాలుక కొరికేసినట్టుంది. కానీ నాకు శాస్త్రం తెలుసు కదా. పైన నాలుకలు మొద్దుబారతాయని పాఠం చెప్పేదాన్ని కదా. మా అమ్మ ఘాటు తిండికి అలవాటుపడ్డ మనిషి, ఆవిడకి సరిపోయిందంటే పైనున్నవాళ్ళకీ సరిపోతుంది అని వాళ్ళ నోళ్ళు మూయించాను. ఉప్పెక్కువైతే పైన ఎముకలకి మంచిది కాదని, అందుకే అక్కడ ఉప్పు తగ్గిస్తున్నారని కూడా నాకు తెలుసు. అది ఆ పూటకి గుర్తు చేసుకోలేదు.

అమ్మ ఉప్పు పెంచమంది, పులుపు పెంచమంది, కారం ఒక్కసారీ పెంచమనలేదు. "కారం తగ్గించే, మండుతున్నాది" అనేది. చోడి అంబలిలోకి, అంటే రాగి జావలోకి, పచ్చిమిరపకాయలు కొరుక్కుని తినే మనిషి ఈవిడ. కారం తగ్గించడం నాకూ సులువే కాబట్టి తగ్గించేశాను. ఎందుకు తగ్గించమంటోందో అడగలేదు.

పోటీ రోజున రుచి చూసి తీర్పు చెప్పడానికి బయటి నుంచి ముగ్గురు వచ్చారు. నా సంచీ వంతు వచ్చేసరికి వాళ్ళలో పెద్దావిడ ఒక చెంచా నోట్లో పెట్టుకుని, కాగితం రుమాలులోకి ఉమ్మేసి నీళ్ళు తాగింది. మిగతా ఇద్దరూ ముట్టనే లేదు. "ఇది రుచి చూసే తెచ్చారా అమ్మా?" అని మర్యాదగానే అడిగింది. చూశామన్నాను. గుంటూరాయన అటు తిరిగి నవ్వుకోవడం కనిపించింది. ఆటోలో అరసవల్లి వచ్చేదాకా నా చెవులు మండుతూనే ఉన్నాయి.

ఇంటికొచ్చి ఆ మంటంతా అమ్మ మీద పోశాను. "నీ నాలుకని నమ్ముకుని నలుగురిలో తలొంచుకున్నాను. వయసైపోయింది, రుచి తెలీడం లేదని చెప్పొచ్చు కదా. ప్రతీదానికీ వంక పెట్టడం ఒకటి." అంతకన్నా చెడ్డగానే అన్నాను, రాయడానికి సిగ్గుగా ఉంది.

అమ్మ గోడకి చేరబడి కూర్చుని విన్నది. "నా నాలికనంతావేటే? ఈ నాలికతోనే నిన్ను పెంచినాను. తే, ఆ సంచీ ఇలా తే." పంతానికి నేను ఆవిడ కూతుర్నే. వేడినీళ్ళు పోయించి, అన్నంలో కలిపి గబగబా మూడు ముద్దలు మింగింది. నాలుగో ముద్ద దగ్గర కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. నోట్లోది పళ్ళెం అంచున తీసి పెట్టింది. ముద్దకి ఎర్రగా అంటింది.

"ఏటీ నేదు. ముల్లు గుచ్చుకున్నాది."

మెత్తగా రుబ్బి ఎండబెట్టిన కూరలో ముల్లెక్కడిది? నోరు తెరవమన్నాను. "ఎందుకే" అని మొహం పక్కకి తిప్పుకుంది. గడ్డం పట్టుకుని నా వైపు తిప్పి, సెల్‌ఫోన్ లైటు వేశాను. ముప్పై అయిదేళ్ళు ఆవిడ చేతి ముద్ద తిన్నాను, ఆవిడ నోట్లోకి ఎప్పుడూ చూడలేదు. అంగిలి అంతా తెల్లగా, ఎండిన చెరువు అడుగులాగా పగిలి ఉంది. లోపలికి, కొంచెం కుడివైపు, చింతగింజంత గుంట. గుంట అంచు పచ్చిగా ఉంది.

విశాఖపట్నం పెద్దాసుపత్రిలో డాక్టరుది మా వైపే. లైటు వేసి చూశాడో లేదో, "అడ్డపొగేనా?" అన్నాడు. మా ఒడ్డున ఆడవాళ్ళు చుట్టని తిరగేసి కాలుస్తారు. నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పెదాలు మూసేస్తారు. రెండు చేతులూ గంపకి కావాలి, సముద్రపు గాలికి నిప్పు ఆరకూడదు, రవ్వ కోక మీద పడకూడదు. ఆ వేడంతా అంగిలికి తగులుతుంది. తగిలి తగిలి మొద్దుబారిపోతుంది. మా అమ్మమ్మా అంతే, మా వీధంతా అంతే. గంప తర్వాత అమ్మ దాన్నీ దించేసిందని నేను అప్పటిదాకా అనుకుంటూ ఉన్నాను.

"ఆరేళ్ళ కిందటే మానేసింది సార్" అన్నాను.

డాక్టరు నా వైపు చూడలేదు, అమ్మ వైపు చూశాడు. అమ్మ కోక చెంగు వేలికి చుట్టుకుంది. "మాననేదు బాబూ" అంది. "దీనికి తెలీదు."

అప్పటికి ఆరేళ్ళ ముందు ఒక సాయంత్రం నేను ఆవిడ చేయి తీసుకుని నా నెత్తిమీద పెట్టుకుని ఒట్టు వేయించాను, ఇక చుట్ట ముట్టనని. ఒట్టు తప్పితే ఎవరి నెత్తిమీద వేశారో వాళ్ళకే కీడు. చదువుకున్నదాన్ని కాబట్టి నాకు దానిలో నమ్మకం లేదు. ఆవిడకి ఉందని తెలిసే వేయించాను. ఆవిడ నాలుగు రోజులు ఆగింది, ఐదో రోజు ఆగలేకపోయింది. అప్పట్నుంచి చేపల కోసమని బజారుకెళ్ళి, అక్కడ అమ్ముకునేవాళ్ళ మధ్య కూర్చుని కాల్చుకుని, లవంగం నమిలి ఇంటికొచ్చేదట. నోరు మూసుకుంటే నిప్పు కనపడదు, చేపల వాసనలో పొగ వాసన తెలియదు. ప్రతి ఆదివారం తెల్లారకుండానే సూర్యదేవుడి గుడికి పోయేది. నా పెళ్ళికి మొక్కుకుంటోందేమో అని నేను విసుక్కునేదాన్ని. తన ఒట్టు నాకు తగలకుండా చూడమని మొక్కుకునేదట. నోట్లో పుండు కూడా అందుకే దాచింది. పుండు చూపిస్తే చుట్ట సంగతి తెలుస్తుంది, చుట్ట సంగతి తెలిస్తే ఒట్టు తప్పిందని తెలుస్తుంది, నేను బెంగ పెట్టుకుంటాను. దాదాపు ఏడాది అలా దాచింది. అందులో ఆరు వారాలు నేను రోజూ సాయంత్రం ఆ పుండు మీద ఉప్పూ చింతపండూ వేశాను.

జబ్బు ఎముక దాకా పోయిందని, అంగిలి ఒకవైపు కోసి తీసెయ్యాలని డాక్టరు చెప్పాడు. తర్వాత కట్టుడుపళ్ళలాంటి ప్లేటు పెడతారట. "రుచి తెలుస్తుందా సార్?" అని అడిగాను. నా చదువు అలాంటిది. "ముందు మనిషిని దక్కనివ్వండమ్మా" అన్నాడు. అమ్మ అడిగింది ఒకటే. "కోసేసినాక నెత్తళ్ళు తింతానా బాబూ?" మెత్తగా చేసి పెడితే తినొచ్చన్నాడు. "అయితే కొయ్యండి" అంది.

ఆపరేషన్ తర్వాత ముక్కులోంచి గొట్టం వేశారు. పాలు, గుడ్డు, డబ్బాలో పొడి, రెండు గంటలకోసారి. నేనెన్ని ఏళ్ళుగానో పిల్లలకి బొమ్మలు గీసి చూపించిన తిండి అదే. గొట్టాలు, కొలతలు, జావలు. పాలు పోస్తుంటే అమ్మ మొహం గోడవైపు తిప్పుకునేది. కడుపులోకి పోయేదానికి ఆవిడ ఇష్టంతో పని లేదు, అయినా తిప్పుకునేది. అక్కడ ఆహారం చూసే ఆవిడని బతిమాలి, ఇంటి దగ్గర నెత్తళ్ళు ఉడకబెట్టి, రుబ్బి, గుడ్డలో రెండుసార్లు వడగట్టి పట్టుకెళ్ళాను. గిన్నె ముందు అమ్మ ముక్కు దగ్గర పెట్టాను. గొట్టం లేని వైపు నుంచి పీల్చింది. కళ్ళు మూసుకుని, తల ఊపింది. ఆ రోజు మొహం తిప్పుకోలేదు. కొరియావాళ్ళు ఆ ఊరగాయ కోసం ఎందుకంత తాపత్రయపడ్డారో క్లాసులో నవ్విస్తూ చెప్పేదాన్ని. నాకప్పటిదాకా ఒక్క ముక్క అర్థం కాలేదని ఆ వార్డులో తెలిసింది.

గొట్టం తీసి ప్లేటు పెట్టాక మొదటిసారి నోటితో తినిపించాను. ఉప్పు వెయ్యొద్దని చెప్పారు, వెయ్యలేదు. అన్నం గంజిలా మెదిపి, ఇగురు పలచగా చేసి చెంచాతో పెట్టాను. కొంచెం ముక్కులోంచి బయటికొచ్చింది, తుడిచాను. ఎలా ఉందని అడిగాను. అడక్కూడదని తెలుసు, అలవాటుగా నోటికొచ్చేసింది.

"బాగున్నాది" అంది. మాట ముక్కులోంచి వచ్చింది.

"ఉప్పు సరిపోయిందా?"

"సరిపోయినాది."

జన్మలో మొదటిసారి నా వంట బాగుందంది. బయటికెళ్ళి వరండాలో నిలబడి గిన్నెలోది నాకి చూశాను. గడ్డిలా ఉంది.

అయిదు నెలలు బాగానే ఉంది. తర్వాత మెడ దగ్గర గడ్డ లేచింది. ఈసారి కోసేది లేదన్నారు, ఇంటికి తెచ్చేసుకున్నాను. చివరి వారాల్లో ఏదీ దిగలేదు, చెంచాడు అంబలి నీళ్ళు తప్ప. మాట కూడా దగ్గరగా చెవి పెడితేనే తెలిసేది.

ఒక మధ్యాహ్నం తల దువ్వుతుంటే నా చెయ్యి పట్టుకుంది. "నా ఒట్టు నాకే తగిలినాది. నీకు తగల్నేదు. అదే సాలు" అంది. ఊరుకోమన్నాను. ఊరుకోలేదు. "నా మంచికే ఏయించినావు. నానే నీ మాట ఇన్నేదు." అలా అని నా చెయ్యి నిమిరింది, తప్పు చేసినదానిలాగా.

ఒట్టు వేయించిన రోజు సంగతి ఆవిడకి తెలియదు. ముందు రోజు సాయంత్రం మా కాలేజీ ఆడవాళ్ళిద్దరు టీకి వచ్చారు. ఒకావిడ గుమ్మంలోనే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. "ఏమిటండీ ఈ చుట్టల కంపు?" అంది. వంటింట్లో పనిచేసే ముసలావిడ కాలుస్తుందండీ అన్నాను. మా అమ్మ అని చెప్పలేదు. వాళ్ళు వెళ్ళాక నాకు నిద్ర పట్టలేదు, మర్నాడు ఒట్టు వేయించాను. జబ్బు మాట నా మనసులో లేనే లేదు. ఆవిడ ఆరోగ్యం కోసమే వేయించి ఉంటే ఒక్కసారైనా నోరు తెరవమని చూసేదాన్ని. వాసన కోసం వేయించాను కాబట్టి, వాసన పోగానే నాకు సరిపోయింది. ఆరేళ్ళు హాయిగా ఉన్నాను.

ఇదంతా అప్పుడు చెప్పి ఉండాల్సింది. నోటి దాకా వచ్చింది కూడా. ఆవిడ నా వైపే చూస్తోంది.

"అవునమ్మా, నీ మంచికే" అన్నాను.